పి.పి. నంబరు, వాయిస్ మోడెం, రెండు రింగులు

జుమ్మేరాత్ బజార్ మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం పాతసామాన్ల సంత జరుగుతుంది. తుప్పుపట్టిన స్పానర్ల దగ్గర్నుంచి ఒంటి చెప్పుల దాకా అన్నీ నేలమీద పరిచి అమ్ముతారు. పోయిన ఏడాది ఒక గురువారం సెలవు పెట్టి మరీ వెళ్ళా. అక్కడ రిమోట్ల కుప్ప కింద ఒక డబ్బా కనబడింది. ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు పసుపు తిరిగిన ప్లాస్టిక్కు, ముందు వైపు చిన్న లైట్ల వరస, వెనక ఫోన్ తీగ పెట్టే సాకెట్లు రెండు. డయలప్ మోడెం. దాన్ని గుర్తుపట్టడం పెద్ద విషయం కాదు, కానీ లైట్లలో ఒకదాని కింద 'వాయిస్' అని రాసి ఉంది. వెనక మైకుకీ స్పీకరుకీ వేరే సాకెట్లున్నాయి. 200 చెప్పాడు, 80కి ఇచ్చాడు. "ఏంటిది?" అనడిగితే "ఇంటర్నెట్ డబ్బా సాబ్, పాతది" అన్నాడు.

నిజానికి అది సగమే నిజం. ఆ డబ్బా ఇంటర్నెట్‌కే కాక ఇంకో పనికి కూడా పనికొచ్చేది. మీరు ఇంట్లో లేనప్పుడు ఫోన్ తనే ఎత్తి, "మేం ఇంట్లో లేము, బీప్ తర్వాత మీ సంగతి చెప్పండి" అని, అవతలివాళ్ళ మాట రికార్డు చేసి పెట్టేది. అంటే ఆన్సరింగ్ మెషిన్. దానికోసం ప్రపంచంలో కొంతమంది తీరిక వేళల్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా పంచారు. ఆ సాఫ్ట్‌వేర్ హైదరాబాదుకి కూడా వచ్చింది. వచ్చినా ఎందుకు నిలవలేదు అన్నది ఈ టపా సంగతి. దీనికి జవాబు వెతుకుతూ నేను మళ్ళీ లాల్‌దర్వాజలోని మా గల్లీకే తిరిగి రావలసివచ్చింది.

ముందు కొంచెం పాత కథ. ఫోన్లో మాటని రికార్డు చేసిపెట్టాలన్న ఆలోచన ఫోన్ పుట్టిన కొద్దికాలానికే పుట్టింది. డెన్మార్క్ ఇంజనీరు వాల్డెమార్ పౌల్సెన్ 1898లో 'టెలిగ్రాఫోన్' అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉక్కు తీగ మీద అయస్కాంతంతో శబ్దాన్ని ముద్రించే యంత్రం. మన టేప్ రికార్డర్లన్నిటికీ ముత్తాత అదే. 1900లో పారిస్ ఎగ్జిబిషన్లో దాన్ని ప్రదర్శించాడు. ఫోన్ ఎత్తే మనిషి లేనప్పుడు సందేశం దాచిపెట్టడం అతను మొదట్నుంచీ ఊహించిన ఉపయోగాల్లో ఒకటి.

అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో క్లారెన్స్ హిక్‌మన్ అనే ఇంజనీరు 1934కల్లా ఆన్సరింగ్ మెషిన్ తయారు చేసి చూపించాడు. కానీ ఏటీ అండ్ టీ కంపెనీ దాన్ని బయటకి రానివ్వలేదు. మాటలు రికార్డవుతాయన్న భయముంటే వ్యాపారస్తులూ మామూలు జనమూ ఫోన్లో మాట్లాడడమే తగ్గించేస్తారని వాళ్ళ బెంగ. వేరేవాళ్ళు తయారుచేసిన మెషిన్‌ని తగిలిద్దామన్నా కుదరదు. ఫోన్ లైన్‌కి ఏది తగిలించాలో చెప్పే హక్కు కంపెనీదే. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో తీర్పు వచ్చాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపులోంచే ఆన్సరింగ్ మెషిన్లూ, ఫ్యాక్స్‌లూ, మోడెంలూ ఇళ్ళలోకి వచ్చాయి. అంటే మోడెం చరిత్రకి అసలు మొదలు చిప్పుల్లో లేదు, 'ఈ తీగ ఎవరిది?' అన్న తగాదాలో ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

1981లో హేస్ స్మార్ట్‌మోడెం వచ్చింది. కంప్యూటరు నుంచి 'ఏటీ' అని మొదలయ్యే ఆజ్ఞలు పంపితే మోడెం డయల్ చెయ్యడం, ఫోన్ ఎత్తడం, పెట్టెయ్యడం చేసేది. ఆ ఆజ్ఞల భాష ఎంత గట్టిగా నిలబడిపోయిందంటే, ఇవాళ్టి 4జీ మాడ్యూల్‌తో పనిచేసేవాళ్ళు కూడా అదే 'ఏటీ' కొడుతున్నారు. 1990ల మొదట్లో మోడెంలలో డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్లు బలపడ్డాయి. డేటా కోసం ఫోన్ తీగలోని శబ్దాన్ని ఎలాగూ అంకెలుగా మారుస్తున్నాం కదా, అదే పని మనిషి గొంతుకి కూడా చేస్తే పోలా అనుకున్నారు. తైవాన్ కంపెనీ జైక్సెల్ వాళ్ళ యూ-1496, ఆ తర్వాత రాక్‌వెల్ చిప్పుల మోడెంలు ఇలా వాయిస్ మోడెంలయ్యాయి.

ఇక్కడ మన కథానాయకులు ప్రవేశిస్తారు. జర్మనీలో గెర్ట్ డోరింగ్ 1993 ప్రాంతంలో 'ఎంగెట్టీ' అనే ప్రోగ్రాం రాశాడు. యూనిక్స్‌లో సీరియల్ పోర్టు దగ్గర కాపలా కూర్చుని, ఎవరైనా డయల్ చేస్తే లాగిన్ ఇచ్చే ప్రోగ్రాంని గెట్టీ అంటారు. ఇతని ఎంగెట్టీకి మోడెంల తిక్కలన్నీ తెలుసు, ఫ్యాక్స్ కూడా అందుకుంటుంది. దానికి క్లాస్ వైడ్నర్ గొంతు చేర్చాడు, అదే 'వీగెట్టీ'. తర్వాత మార్క్ ఎబర్‌హార్డ్ దాన్ని ముందుకు నడిపాడు. అన్నట్టు, ఈ గెర్ట్ డోరింగ్ తర్వాతి కాలంలో ఓపెన్‌వీపీఎన్‌ని చూసుకునేవాళ్ళలో ఒకడయ్యాడు. లాక్‌డౌన్లో ఇంటి నుంచి ఆఫీసుకి వీపీఎన్ పెట్టుకున్న మనలో కొందరం తెలీకుండానే ఆయనకి బాకీ ఉన్నామన్నమాట :)

వీగెట్టీ పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఫోన్ మోగితే మోడెం సీరియల్ పోర్టు మీద 'రింగ్' అని పంపుతుంది. వీగెట్టీ లెక్కపెట్టుకుంటుంది. అనుకున్నన్ని రింగులయ్యాక మోడెంని 'ఏటీ+ఎఫ్‌క్లాస్=8' అని వాయిస్ పద్ధతిలోకి మారుస్తుంది. 0 అంటే డేటా, 1, 2 అంటే ఫ్యాక్స్, 8 అంటే గొంతు. తర్వాత ముందే రికార్డు చేసిన పలకరింపు వినిపిస్తుంది, బీప్ కొడుతుంది, రికార్డు మొదలుపెడుతుంది. అవతలనుంచి 1100 హెర్ట్జ్ కూత వినబడితే అది మనిషి కాదు, ఫ్యాక్స్ యంత్రం అని గ్రహించి ఆ దారికి మళ్ళుతుంది. ఒకే లైన్ మీద మనిషి, ఫ్యాక్స్, కంప్యూటరు ముగ్గురిలో ఎవరొచ్చినా తగిన మర్యాద చేస్తుంది. రికార్డింగ్ జరుగుతుండగా అవతలివాళ్ళు ఫోన్ మీద అంకె నొక్కితే, మోడెం ఆ ధ్వని ప్రవాహం మధ్యలోనే 16వ నంబరు కంట్రోల్ క్యారెక్టరు ఒకటి పెట్టి, దాని వెనకాల ఆ అంకె పంపుతుంది. రహస్య అంకెలు నొక్కితే మీ సందేశాలు మీరే బయట నుంచి వినొచ్చు.

గొంతుని దాచే లెక్క కూడా చూడండి. రాక్‌వెల్ మోడెంలు సెకనుకి 7200 నమూనాలు తీసుకుని, ఒక్కోదాన్ని 4 బిట్లకి కుదించేవి. అంటే సెకనుకి 3600 బైట్లు, నిమిషానికి 216 కేబీ. 1.44 ఎంబీ ఫ్లాపీలో దాదాపు 7 నిమిషాల మాటలు పడతాయి. 2 బిట్లకి కుదిస్తే పదమూడు నిమిషాలు దాటుతాయి కానీ, మనిషి బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. ఒక్కో చిప్పుదీ ఒక్కో ఆజ్ఞల సెట్టు, ఒక్కో కుదింపు పద్ధతి. వీటన్నిటికీ ఒక ప్రమాణం, వి.253 పేరుతో, 1998లో గానీ రాలేదు. అప్పటిదాకా ఊరూపేరూ లేని ఔత్సాహికులు తమ మోడెం ఎలా ప్రవర్తిస్తోందో రాసి పంపుతుంటే, దానికి తగ్గట్టు ఒక్కో చిప్పుకీ కోడ్ చేరుతూ పోయింది.

సరే, ఇదంతా జర్మనీ సంగతి. హైదరాబాదుకి ఎలా వచ్చింది? సీడీలో వచ్చింది. 1990ల రెండో సగంలో పీసీక్వెస్ట్ పత్రికతో పాటు లైనక్స్ సీడీలిచ్చేవాళ్ళు. ఇంటర్నెట్ నిమిషాల లెక్కన కొనుక్కునే రోజుల్లో మన దేశంలో లైనక్స్ చాలామంది చేతికి వచ్చింది అలాగే. రెడ్ హ్యాట్‌లో 'ఎంగెట్టీ-వాయిస్' అని ఒక ప్యాకేజీ ఉండేది. అదే ఇది. ఇటు విండోస్ 95 వైపు మైక్రోసాఫ్ట్ కూడా వాయిస్ మోడెంల కోసం యూనిమోడెం-వి అని ఒక డ్రైవరు ఇచ్చింది, మోడెం డబ్బాలోనే ఆన్సరింగ్ మెషిన్ ప్రోగ్రాం సీడీ పెట్టి అమ్మేవాళ్ళు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్న ఇళ్ళలో ఎన్నిట్లో ఆ సీడీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉండేదో!

మరి సాఫ్ట్‌వేర్ ఉచితం, మోడెం ఇంటర్నెట్ కోసం ఎలాగూ కొన్నదే. ఎందుకు వాడలేదు?

తేలిగ్గా చెప్పే జవాబులు కొన్నున్నాయి. కంప్యూటరు రోజంతా ఆన్‌లో పెట్టుకోవాలి, కరెంటు పోతే అంతే సంగతులు. తర్వాత వచ్చిన చవక మోడెంలు విన్‌మోడెంలు, వాటి మెదడంతా విండోస్ డ్రైవర్లో ఉంటుంది, లైనక్స్ వాటిని గుర్తుపట్టదు. ఇవన్నీ నిజమే. నేను కొన్న డబ్బాతో ఇంకో కారణం స్వయంగా చూశాను. మా ఇంట్లో ఇప్పుడు రాగి తీగ ల్యాండ్‌లైన్ లేదు కాబట్టి, రెండు ఫోన్ సాకెట్లున్న ఒక ఏటీఏ తీసుకుని ఒకదానికి మోడెం, ఇంకోదానికి పాత పుష్‌బటన్ ఫోన్ తగిలించా. అదే నా బుల్లి ఎక్స్ఛేంజి. ఫోన్ పెట్టేశాక వచ్చే టోను మన దేశంలో 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను నిశ్శబ్దం. అమెరికాలో అయితే 480, 620 రెండూ కలిపి మోగుతాయి. ఏటీఏలో మన టోన్లు పెట్టి చూస్తే, అమెరికా అలవాటున్న నా మోడెం వాటిని గుర్తుపట్టలేదు. అవతల నేను ఫోన్ పెట్టేసినా ఇవతల అది భక్తిగా ఆ కుయ్ కుయ్‌లన్నీ రికార్డు చేస్తూ కూర్చుంది, నేను పెట్టిన నిమిషం గడువు అయ్యేదాకా.

ఇంకోటి, సందేశాలు బయటనుంచి వినాలంటే అంకెలకి టోన్లు రావాలి. పాత ఎక్స్ఛేంజీల కింద ఉన్న ఫోన్లు పల్స్ పద్ధతివి, అంటే అంకె నొక్కితే టకటకమని తెగి కలుస్తుంది అంతే, టోను పుట్టదు. ఫోన్ పక్కన 'పి', 'టి' అని చిన్న మీట ఉండేది గుర్తుందా? ఆ మీట కథ ఇదే.

అయితే ఇవన్నీ ఔత్సాహికులు తంటాలు పడి దాటేయగల అడ్డంకులే. అసలు కారణం మా నాయిన చెప్పారు. నాయిన ఛత్తాబజార్లో ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసేవారు. పెళ్ళిపత్రికలూ విజిటింగ్ కార్డులూ అచ్చేసే వీధి అది. నేను ఆయనకి మోడెం చూపించి ఆన్సరింగ్ మెషిన్ గురించి ఉత్సాహంగా చెబుతుంటే, విని విని ఒక్క మాటన్నారు: "లైన్ ఉన్నోడు కదరా మెషిన్ పెట్టుకునేది. నేను అచ్చేసిన కార్డుల్లో ఫోన్ నంబరున్నవే తక్కువ. ఉన్నా పక్కన పి.పి. అని పెట్టమనేటోళ్ళు."

పి.పి. అంటే ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు. ట్రంకు కాల్ రోజుల్లో 'పర్టిక్యులర్ పర్సన్' కాల్ అని ఒకటుండేది, ఫలానా మనిషి దొరికితేనే మాట్లాడిస్తారు. ఆ రెండక్షరాలే తర్వాత విజిటింగ్ కార్డుల మీదికొచ్చాయి. నంబరు పక్కన పి.పి. అంటే ఈ ఫోన్ మాది కాదు, పక్కింటివాళ్ళది, చేస్తే మమ్మల్ని పిలుస్తారు అని అర్థం. 1994 జాతీయ టెలికాం విధానం ప్రకటించేనాటికి దేశం మొత్తం మీద వంద మందికి 0.8 ఫోన్లు. పత్రంలోనే రాసుకున్నారు: ఉన్న లైన్లు 80 లక్షలు, వరసలో ఎదురుచూసేవాళ్ళు 25 లక్షలు. ఎక్కువ డిపాజిట్ కట్టి తొందరగా తెచ్చుకునే ఓ.వై.టి. పథకం ఉండేది, 'ఓన్ యువర్ టెలిఫోన్' అని పేరు. పేరులో ఓన్ ఉన్నంతమాత్రాన తీగ మనదైపోదు లెండి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఆ వ్యవస్థ మీద పూర్తి హక్కు ప్రభుత్వానిది. లైన్‌కి తగిలించే మోడెంకి కూడా ఆమోదం ఉండాలి. ఆ చట్టం స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లో గానీ రాలేదు. అమెరికాలో 1968లో తేలిన తగాదా మన దగ్గర వేరే రూపంలో ఉంది. అక్కడ తీగకి ఏం తగిలించాలన్నది ప్రశ్న, ఇక్కడ తీగ గల్లీలోకి ఎప్పుడొస్తుందన్నది ప్రశ్న.

మా గల్లీలో ఫోన్ మొదట ఖాలా వాళ్ళింటికొచ్చింది. వాళ్ళాయన దమ్మామ్‌లో పనిచేసేవాడు. పాతబస్తీలోనూ, అటు కరీంనగర్, నిజామాబాద్ వైపూ గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు లేని వీధి అరుదు. మా పెద్దనాయిన కూడా అదే దారిలో వెళ్ళారు. దాంతో గల్లీలో పదిళ్ళకి ఖాలా నంబరే పి.పి. నంబరయింది. ఫోన్ మోగితే ఆమె ఎత్తి "ఠైరో, బులాతీ" అనేది, అంటే "ఉండండి, పిలుస్తా" అని. పిల్లల్లో ఒకణ్ణి పరిగెత్తించేది. మనిషి లేకపోతే సంగతి అడిగి తెలుసుకునేది. అది ఉత్త సందేశం కాదు, విశ్లేషణతో సహా. "నీ కొడుకు చేసిండు, బాగున్న అన్నడు గని గొంతు బాగలేదు, జరమేమో" అని నానమ్మకి చెప్పిందట ఒకసారి. జ్వరమే. 4 బిట్ల కుదింపులో ఆ సమాచారం మిగిలేదా అంటే నాకు అనుమానమే.

దీన్ని మరీ బంగారు కాలం చెయ్యడం నాకిష్టం లేదు. పి.పి. నంబరుకి ఇంకో ముఖముంది. మీ ఇంటి సంగతి ప్రతీదీ పక్కింటి హాల్లో నిలబడే మాట్లాడాలి. అప్పుల సంగతి, ఆసుపత్రి సంగతి, పెళ్ళిసంబంధం తప్పిపోయిన సంగతి, అన్నీ. భర్త దేశంకాని దేశంలో ఉంటే భార్య ఆయనతో మాట్లాడదలచిన మాట ఒక్కటీ ఆ హాల్లో మాట్లాడలేదు. అందుకే క్యాసెట్లుండేవి. టేప్ రికార్డర్ ముందు కూర్చుని గంటసేపు మాట్లాడి, ఆ క్యాసెట్ ఊరికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. రాయడం రానివాళ్ళకి అదే ఉత్తరం. ఆలోచిస్తే, గొంతుని దాచిపెట్టి తర్వాత వినడం అనే అవసరం పాతబస్తీలో దండిగా ఉంది. దానికి కావలసిన యంత్రం మాత్రం ఫోన్‌కి తగిలించేది కాదు, చేతిసంచిలో సరిహద్దు దాటేది.

ఇక అన్నిటికన్నా పెద్ద కారణం, డబ్బు. ఆన్సరింగ్ మెషిన్ ఫోన్ ఎత్తిందంటే అవతలివాడికి మీటరు పడినట్టే. ఐఎస్‌డీ నిమిషానికి పదుల రూపాయలున్న రోజుల్లో, "మేం ఇంట్లో లేము" అని ఒక డబ్బా చెప్పడం వినడానికి ఎవడు డబ్బు కడతాడు? ఎస్టీడీ పావు ఛార్జీ కోసం రాత్రి 11 దాకా బూత్ దగ్గర వరసలో నిలబడ్డ జనం కదా మనం. అందుకని మనవాళ్ళు దానికి సరిగ్గా తిరగేసిన పద్ధతి కనిపెట్టారు. ఎత్తకపోవడమే సందేశం. రెండు రింగులిచ్చి కట్ చేస్తే క్షేమంగా చేరానని. ఒక రింగిచ్చి కట్ చేస్తే బూత్‌కెళ్ళి చెయ్యమని. పైసా ఖర్చు లేకుండా ఒక బిట్, రెండు బిట్ల సమాచారం. మొబైళ్ళొచ్చాక దానికి మిస్డ్ కాల్ అని పేరొచ్చింది. 2003 మే 1 దాకా మొబైల్లో ఇన్‌కమింగ్ ఎత్తినవాళ్ళకీ ఛార్జీ పడేది కాబట్టి ఆ విద్య ఇంకా పదునెక్కింది.

తమాషా ఏంటంటే, వీగెట్టీ కాన్ఫిగరేషన్ ఫైల్ చదువుతుంటే అందులో నాకొక వేరియబుల్ కనబడింది: 'టోల్_సేవర్_రింగ్స్'. కొత్త సందేశాలుంటే మెషిన్ తక్కువ రింగులకే ఎత్తాలి, లేకపోతే ఎక్కువ రింగులదాకా ఆగాలి. మీరు బయటనుంచి మీ ఇంటికే ఫోన్ చేస్తారు, రింగులు లెక్కపెడతారు, ఆ సంఖ్య దాటినా ఎత్తలేదంటే కొత్త సందేశాల్లేవని తెలుసుకుని ఖర్చు పడకముందే పెట్టేస్తారు. అంటే మిస్డ్ కాలే! జర్మనీలో మోడెం ముందు కూర్చున్నవాడూ, దమ్మామ్‌లో బూత్‌లో నిలబడ్డవాడూ ఒకే లెక్క వేసుకున్నారు. ఒకడు దాన్ని సీ భాషలో రాశాడు, ఇంకొకడు దాన్ని భార్యకి ప్రయాణానికి ముందు నేర్పి వెళ్ళాడు.

తర్వాతేమైంది? మాకు సొంత లైన్ వచ్చింది. ఖాలా ఫోన్ మోగడం తగ్గింది. ఆన్సరింగ్ మెషిన్ కొనేలోపే మొబైల్ వచ్చేసింది, మోడెంలు అటకెక్కాయి. ఔత్సాహికుల విద్య మాత్రం వృథా పోలేదు. 1999లో అమెరికాలోని అలబామాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు తన చిన్న కంపెనీకి ఫోన్ సిస్టం కొనే డబ్బుల్లేక ఆస్టరిస్క్ రాశాడు. ఫోన్ లైన్‌ని దానికి కలపడానికి మొదట్లో అమ్మిన ఎక్స్100పి కార్డు నిజానికి ఒక విన్‌మోడెం చిప్పే! లైనక్స్‌వాళ్ళు తిట్టుకున్న ఆ చిప్పే ఇక్కడ అక్కరకొచ్చింది. మెదడు లేకపోవడమే దాని గుణమయింది, పనంతా సాఫ్ట్‌వేర్ చేసుకుంటుంది కాబట్టి.

గొంతుతో సందేశం పెట్టడం మన దగ్గర నిజంగా ఉపయోగపడింది ఆ తర్వాతే. ఐబీఎం ఇండియా పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పల్లెలో, ఊరివాళ్ళే ఫోన్లో మాట్లాడి సమాచారం పెట్టే, ఫోన్లోనే వినే 'వాయిస్ కియోస్క్' నడిపి, 2009లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. 2010లో మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఆస్టరిస్క్ మీదే నడిచింది. ఆదివాసులు తమ భాషలో తమ ఊరి వార్త ఫోన్లో చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. దానికి ఫోన్ చేసే పద్ధతి ఏంటో ఊహించండి. మిస్డ్ కాల్ ఇస్తే సర్వరే తిరిగి చేస్తుంది. చూశారా, యంత్రం చివరికి మన ఆచారం నేర్చుకుంది. మీటరు పిలిచినవాడి మీద పడకూడదన్న సంగతి అర్థమయ్యాకే ఆన్సరింగ్ మెషిన్ ఈ నేల మీద బతికింది. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చేసరికి క్యాసెట్ కూడా తిరిగొచ్చింది, ఈసారి ఎవరి సంచిలోనూ పెట్టక్కర్లేకుండా.

మేం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం ఒక పొరపాటు తరచూ చేస్తాం. ఒక ఫీచర్ని జనం వాడకపోతే వాళ్ళకి తెలియలేదంటాం, లేదా వెనకబడి ఉన్నారంటాం. ఆన్సరింగ్ మెషిన్ అనే వస్తువు వెనక కొన్ని ఊహలున్నాయి: ఇంటికో లైన్ ఉంటుంది, ఇంట్లో ఎవరూ ఉండరు, పిలిచినవాడు మాట్లాడకుండా పెట్టేసినా నష్టం లేదు. మా గల్లీలో మూడూ తప్పే. పదిళ్ళకో లైన్, ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంట్లోనే, ఒక్కో పిలుపూ ఒక రోజు కూలి. ఆ సీడీ కవరు విప్పకపోవడంలో తెలివితక్కువేం లేదు.

అలాగని యంత్రానిదే తప్పనలేను. మా పెద్దనాయిన 2004లో అక్కడే పోయారు. ఆయన పంపిన క్యాసెట్లలో ఒకటే మిగిలింది, దానిమీద కూడా మధ్యలో ఎవరో పాటలు రికార్డు చేశారు. ఖాలా ఫోన్‌కి వచ్చిన పిలుపులు వందలుంటాయి. అవన్నీ ఆమె విని, నానమ్మకి చెప్పి, అక్కడితో అయిపోయాయి. ఒక్క నిమిషం, 216 కేబీ, ఎక్కడైనా మిగిలి ఉంటే బాగుండేదని నాయిన ఎప్పుడూ అనరు గానీ, నేను మోడెం గురించి చెబుతున్నప్పుడు "అయితే ఆ మాట ఎన్నేళ్ళయినా ఉంటదా?" అని మాత్రం రెండుసార్లు అడిగారు.

పోయిన రంజాన్‌కి ఖాలాని కలిసినప్పుడు ఆ డబ్బా, ల్యాప్‌టాప్, ఏటీఏ అన్నీ మోసుకెళ్ళా. ఆమెకిప్పుడు డెబ్భై దాటాయి. నా ఆన్సరింగ్ మెషిన్‌కి పలకరింపు ఆమె గొంతుతో పెట్టాలని నా కోరిక. ఏం మాట్లాడాలో చెప్పా: "మేం ఇంట్లో లేము, బీప్ తర్వాత మాట్లాడండి" అని. ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"ఇంట్లో లేమని ఎందుకు చెప్పాలె? నేనెప్పుడన్న అట్ల చెప్పిన్నా?" అంది.

సరే, మీకు తోచింది చెప్పండి ఖాలా అని రికార్డు నొక్కాను. ఇప్పుడు మా ఇంట్లో ఆ బుల్లి ఎక్స్ఛేంజిలో ఫోన్ మోగితే మూడో రింగుకి మోడెం ఎత్తుతుంది. కొంచెం బొంగురుగా, 7200 నమూనాల గొంతు వినబడుతుంది: "ఠైరో, బులాతీ."